మూడో వరుస చివరి కుర్చీ

సంగీత విమర్శకుడు కచేరీ ఎక్కడైనా మూడో వరుస చివరి కుర్చీలోనే కూర్చుంటాడు. ఒకప్పుడు పత్రికలో ఆయనకి అరపేజీ ఇచ్చేవాళ్లు, ఇప్పుడు అగ్గిపెట్టంత చోటు. మొన్నామధ్య ఆ కాస్త చోటులోనే, కొత్తగా వయొలిన్ వాయిస్తున్న అమ్మాయికి శ్రుతి నిలవలేదని రాసిపారేశాడు. మర్నాడు అన్నం దగ్గర కూతురు, "నాన్నా, నీ చెవి మిషను మళ్లీ కూస్తోంది," అంటూ సరిచేసింది. కూత ఆగింది. హాల్లో అపశ్రుతి అనుకుని విన్నదీ ఆ కూతే. అన్నం మధ్యలోనే లేచాడు. పత్రికకి ఫోన్ చేస్తే, "సవరణకి చోటెక్కడిది సార్?" అన్నాడు సబెడిటరు. ఆయన రెండోసారి అడగలేదు. అడిగితే చెవి సంగతి చెప్పాలి. ఇప్పుడా అమ్మాయి ప్రతి పాటకీ ముందు తీగలు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, మూడో వరుసవైపు బెదురుగా చూస్తుంది. ఆయన మిషను తీసి జేబులో వేసుకుని, బ్రహ్మాండంగా ఉందన్నట్టు తలూపుతాడు.