ముసలమ్మ గొంతు

మొన్న ఆదివారం సాయంత్రం మా అక్క అన్న మాటకు నేను ఇంతవరకు తేరుకోలేదు. యాభై మూడేళ్ళ మనిషిని. ముప్పై ఏళ్ళుగా బళ్ళారి కోర్టులో టైపిస్టుగా పని చేస్తున్నాను. బోనులో నిలబడి జనం చెప్పే అబద్ధాలు, నిజాలు విని విని, ఇక ఏ మాటా నన్ను కదిలించలేదని ధీమాగా ఉండేవాణ్ణి. ఆ ధీమా అంతా మా అక్క ముందు ఒక్క నిమిషంలో ఎగిరిపోయింది.

సంగతి చెప్పాలంటే ఏడేళ్ళ కిందటి మేనకోడలి పెళ్ళి దగ్గర మొదలుపెట్టాలి. మా వైపు పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది మేనమామ. ఆ పిల్లకు ఉన్న ఒకే ఒక్క మేనమామను నేను. సెలవు పెట్టమని అక్క పదిసార్లు చెప్పింది. ముహూర్తం మధ్యాహ్నం కదా, ఒక్క సాక్షి వాంగ్మూలం టైపు చేసి వచ్చేస్తానని కోర్టుకు పోయాను. ఆ సాక్షి నోరు తెరిస్తే మూసే రకం కాదు. నేను చెమటలు కక్కుకుంటూ కల్యాణమండపం చేరేసరికి తాళి కట్టడం కూడా అయిపోయింది. గంపను దూరపు వరసలో మామ అయ్యే ఒకాయన పట్టుకున్నాడట.

"ఎవరో చెప్పే మాటలు నీకు ముఖ్యమాయ గదా! పో, పోయి అవే రాసుకోపో" అంది అక్క, పదిమంది ముందు.

ఐదేళ్ళు నాతో మాట్లాడలేదు. తప్పు నాదే. అది నాకు ఆ రోజే తెలుసు. కానీ పదిమంది ముందు అనేసిందని నాకూ రోషం వచ్చింది. క్షమించమని ఒక్క మాట అంటే పోయేది, ఆ ఒక్కటే నోట్లోంచి రాలేదు. బావ ఆసుపత్రిలో పోయినప్పుడు వెళ్ళి గోడకు ఆనుకొని నిలబడ్డాను. అక్క తల ఎత్తలేదు.

బావ పోయిన తర్వాత అక్క కంటోన్మెంట్ దగ్గరి ఇంట్లో ఒంటరిగా ఉంటూ, జీన్సు ప్యాంట్లకు దారాలు కత్తిరించే పని పెట్టుకుంది. కుట్టిన ప్యాంట్లు ఆటోలో మూటలు మూటలుగా వస్తాయి. కుట్లలో మిగిలిన దారాల కొసలన్నీ చిన్న కత్తెరతో తీసేసి, మడిచి, మళ్ళీ మూట కట్టి పంపాలి. ఆమె గోళ్ళు ఎప్పుడూ నీలంగానే ఉంటాయి. ఫ్యాను రెక్కల మీద కూడా నీలం నూగు.

ఒక రోజు హొసపేట నుంచి మేనకోడలు ఫోను చేసింది. "మామా, అమ్మ టీవీలో ఏందో నొక్కేసిందంట, ఏమీ వస్తా లేదంట. నువ్వు ఒకసారి పోయి చూడు" అంది. ఆ పిల్ల ఫోను చేయకుంటే నేను ఆ గుమ్మం ఎక్కేవాణ్ణే కాదు. వెళ్ళాను. అక్క రమ్మనలేదు, పొమ్మననూ లేదు. రిమోట్ నా వైపు నెట్టింది. మేనకోడలు పెట్టించిన ఓటీటీ అది. ఏదో నొక్కితే ఒక సూపర్‌హీరో సీరీస్ మొదటి భాగం తెరుచుకుంది, అదీ తెలుగులో. లిఫ్టు నడిపే ఒక కుర్రాడు, కిందికి పడిపోయేది ఏదైనా సరే, చెయ్యి ఎత్తి గాల్లోనే ఆపేస్తాడు. వాణ్ణి పెంచిన పిన్నమ్మ ఒక ముసలమ్మ, బట్టలుతికే అంగడి నడుపుతుంది. వాడు పదో అంతస్తు నుంచి పడే మనిషిని ఆపి ఇంటికి వస్తే, "చొక్కా చింపుకొని వచ్చినావా?" అని తిడుతుంది. అక్క ఫక్కున నవ్వింది. ఐదేళ్ళ తర్వాత విన్నాను ఆ నవ్వు.

"ఉండు, ఇది అయిపోయినంక పోదువు" అంది.

అట్లా మొదలైంది. వారానికి ఒకటి రెండు సాయంత్రాలు, కోర్టు ముగించుకొని ఆరింటికి అక్కడ వాలిపోయేవాణ్ణి. ఆదివారాలైతే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి కూడా. మాట్లాడుకునేదంతా ఆ సీరీస్ గురించే. పెళ్ళి ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ సీరీస్ మీద ఆమెకు ఆసక్తి ఉన్నన్నాళ్ళే ఆ ఇంట్లో నాకు చోటు అని నాకు బాగా తెలుసు. అందుకే అది ఎంతకాలం సాగితే అంత మంచిదని కోరుకునేవాణ్ణి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అక్క టీవీ చూడదు, వింటుంది. కళ్ళు కుట్ల మీద ఉంటాయి. కొంచెం తప్పితే కత్తెర గుడ్డలో దిగుతుంది. ఒక ప్యాంటు మడిచి పక్కన పెట్టి ఇంకోటి ఒళ్ళోకి తీసుకునేటప్పుడు మాత్రం ఒక చూపు చూస్తుంది. ఒకసారి దొంగలు బండరాళ్ళ మధ్య దాక్కుంటే, "మన సంగనకల్లు గుట్ట మాదిరి ఉండాదే" అని మళ్ళీ తల వంచేసింది.

రెండో సీజన్‌లో నాకు మొదటి షాకు తగిలింది. తెలుగు తీసేశారు. ఇంగ్లీషు ఒక్కటే. అక్కకు ఇంగ్లీషు రాదు. ఇక ఆగిపోయినట్టేనని భయపడి, "నేను చెప్తాలే అక్కా" అన్నాను. కింద వచ్చే అక్షరాలు చదువుతూ, వాళ్ళు మాట్లాడుతుండగానే మన మాటల్లో చెప్పేవాణ్ణి. సాక్షి చెప్పింది చెప్పినట్టు టైపు చేసే అలవాటు కదా, ఒక్క ముక్క కూడా కలిపేవాణ్ణి కాదు. అక్కకు ముసలమ్మ అంటే ప్రాణం. "ఈమె కూడా మన మాదిరే, పొద్దస్తమానం ఊరోళ్ళ గుడ్డలతోనే గదా" అనేది. ఒక రోజు కత్తెర ఆపి మరీ చెప్పింది.

"చూడప్పా, ఈ ముసలమ్మని గిన చంపిరంటే నేను ఇంక చూసేదే లే."

రెండో సీజన్ చివరి భాగంలో ఆ ముసలమ్మను చంపేశారు.

ఆసుపత్రి మంచం మీద ఆమె కళ్ళు మూసింది. కుర్రాడు చెయ్యి ఎత్తాడు. పడిపోయేదాన్ని ఆపగలడు గానీ పోయే ప్రాణాన్ని ఆపలేకపోయాడు. అక్క తల వంచుకొని జేబు కుట్టు దగ్గర దారం కత్తిరిస్తోంది. "ఏమంటాండారు?" అంది. కుర్రాడు ఏడుస్తున్నాడు, నేను మాత్రం, "జ్వరం తగ్గిందంటాండారక్కా. నిద్రపోయింది. వాడు సంతోషం పట్టలేక ఏడుస్తాండాడు" అన్నాను.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క అక్షరం మార్చని మనిషిని. అంత పచ్చి అబద్ధం నా నోటి నుంచి వచ్చినందుకు నాకే దిమ్మ తిరిగింది. అక్క "ఊఁ" అంది, అంతే. కత్తెర మళ్ళీ ఆడింది.

మూడో సీజన్ నుంచి ఆ సీరీస్ చూడలేక చచ్చాను. చచ్చినవాళ్ళు లేచి వస్తారు. ఇంకో లోకం నుంచి అదే కుర్రాడు ఇంకొకడు వస్తాడు, ఈ ఇద్దరూ కొట్టుకుంటారు, మూడోవాడు వచ్చి విడిపిస్తాడు. అన్ని లోకాల నుంచి అందరినీ పట్టుకొస్తారు గానీ, ఆ ముసలమ్మను ఒక్కదాన్ని మాత్రం తీసుకురారు! తిక్క రేగిపోయేది. ఇంట్లో అయితే రిమోట్ విసిరేసేవాణ్ణి. కానీ ఆరయ్యేసరికి మళ్ళీ ఆ గుమ్మంలోనే ఉండేవాణ్ణి.

ముసలమ్మను నేనే బతికించుకున్నాను. తెర మీద ఎవరో ఒక ఆడమనిషి మాట్లాడితే చాలు, "ముసలమ్మ ఊరి నుంచి ఫోను చేసింది" అనేవాణ్ణి. చివరికి నాకు ధైర్యం ఎక్కువైంది. ఒక రోజు విలన్ ఏదో పెద్ద ఉపన్యాసం ఇస్తుంటే నేను ఇట్లా చెప్పాను.

"కుర్రోడు ముసలమ్మతో అంటాండాడక్కా, రావాల్సిన దినాన నేను రాలేకపోతి, నీ మొగం చూడ్డానికి సిగ్గైతాది, అని."

అక్క కత్తెర ఆగలేదు. "ముసలమ్మ ఏమంటాంది?" అంది.

"ఏమీ అనలేదు" అన్నాను.

అట్లా రెండు సీజన్లు గడిచాయి. మొన్న ఆదివారం నాలుగో సీజన్ చివరి భాగం. నేను అలసిపోయాను. ఈ అబద్ధాన్ని మోయడం ఇక నా వల్ల కాదనిపించింది. మంచి ముగింపు ఒకటి ఇచ్చి, దండం పెట్టి, తర్వాత ఏమైతే అది కానీ అనుకున్నాను. తెర మీద ఇద్దరు మగవాళ్ళు మిద్దె మీద కొట్టుకుంటున్నారు. నేను గొంతు సవరించుకున్నాను.

"ముసలమ్మ ఇంటికొచ్చేసిందక్కా. తలుపు తీసి వాణ్ణి లోపలికి రమ్మంటాంది. అయిపోయిందేదో అయిపోయింది, రా, కూసో, అంటాంది."

కత్తెర ఆగింది. అక్క ప్యాంటు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"ఆ ముసలమ్మ చచ్చిపోయి ఏడాదిన్నరాయ గదప్పా. ఇంకా ఎన్ని దినాలు మాట్లాడిస్తావు?"

ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"నీకెట్ల తెలిసెనక్కా?"

"ఏంది ఎట్ల తెలిసేది? చూసేటోళ్ళని మోసం చేయొచ్చు గానీ వినేటోళ్ళని యాడ చేస్తావు? ఆమె గొంతు నాకు తెల్దా? భాష తెలీకపోతే గొంతు గూడా తెలీకుండా పోతాదా? ఆ దినం నుంచి ఒక్కసారన్నా వినబడెనా ఆమె గొంతు?"

నేను తల దించుకున్నాను. ఆమె నీలం గోళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను.

"అదీ కాకుండా, ఆ ఆసుపత్రి మిషను" అంది. "టిక్ టిక్ అని కొట్టుకొంటా కొట్టుకొంటా, ఒకే కూత పట్టుకొని ఆగకుండా పోయె గదా. అది ఏందో నాకు తెల్దనుకొంటివా? మీ బావ పక్కన కూసున్నింది ఎవరు? నువ్వు జ్వరం తగ్గిందంటివి."

అదే శబ్దం నా చెవులకూ వినబడింది. కానీ నేను అక్షరాలు చదవడంలో మునిగి దాన్ని పట్టించుకోలేదు. బావ చనిపోయిన శబ్దం ఆమె చెవుల్లో మళ్ళీ మోగుతుంటే, పక్కనే కూర్చొని నేను, కుర్రాడు సంతోషంతో ఏడుస్తున్నాడని చెప్పాను. ఇంతకంటే ఘోరం ఇంకేముంటుంది? నా మీద నాకే అసహ్యం వేసింది.

"మరి అప్పుడే ఎందుకు అనలేదక్కా? చూసేదే లేదంటివి కదా?"

"చెమటలు పట్టి అంత కష్టపడి అబద్ధం చెప్తాంటే ఏమనల్ల? అయినా నాకేం ఆ ఎగిరేటోళ్ళ మీద ఇష్టమా? తెలుగు పోయినప్పుడే నాకు బేజారైపోయె. నువ్వు వస్తావని సుమ్నె, ఊరికే పెడతాండా." ఒళ్ళో పడ్డ దారాల కొసలు దులుపుకుంది. "కుర్రోడు ఏందో అనె గదా, రావాల్సిన దినాన రాలేదని. అది ఏ కుర్రోడని నాకు తెల్దా? ఇంకోసారి చెప్తాడేమో, ఇంకోసారి చెప్తాడేమో అని వింటా కూసుంటి."

ఏడాదిన్నర. ఇద్దరికీ ఇష్టం లేని సీరీస్ ముందు, ఇద్దరమూ ఆసక్తి ఉన్నట్టు నటిస్తూ ఏడాదిన్నర కూర్చున్నాము. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే వచ్చింది.

అక్క రిమోట్ తీసుకొని టీవీ ఆపింది. ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది.

"ఇంక ఎవరూ మాట్లాడ్డం లేదు. ఇప్పుడు చెప్పు. నీ నోటితో చెప్పు" అంది.

ముప్పై ఏళ్ళుగా ఊరందరి మాటలూ నా వేళ్ళ మీదుగా పోయాయి. సొంతంగా ఒక్క వాక్యం చెప్పడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు.

"ఆ దినం నేను సెలవు పెట్టాల్సింటి అక్కా. గంప నేనే పట్టుకోవాల్సింటి. తప్పు నాదే."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. ప్యాంటు మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. నాలుగు దారాలు కత్తిరించాక, తల ఎత్తకుండానే అంది.

"వచ్చే శుక్రవారం నా మనవరాలికి చెవులు కుట్టిస్తాండాము. దానికి మేనమామ యాడుండాడు? వాళ్ళమ్మకి అన్నదమ్ములు లేరు. నీ ఒళ్ళోనే కూసోబెట్టల్లని నీ మేనకోడలు అంటాంది. ఇంకెవరినన్నా చూసుకోమంటావా?"

"వద్దక్కా" అన్నాను.

సోమవారం పొద్దున కోర్టులో అందరికంటే ముందు పోయి కూర్చున్నాను. సాక్షులు ఇంకా రాలేదు. సెలవు చీటీ టైపు చేశాను. కారణం అన్న దగ్గర 'సొంత పనులు' అని కొట్టాను. అందరం అట్లాగే రాస్తాము. చదివి చూసుకొని, అది చెరిపేసి మళ్ళీ కొట్టాను. 'మా అక్క మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోవాల్సింది నేను.'