తలుపులు వేయని గుడి

"తలుపులెయ్యండయ్యా! పీనుగొస్తా ఉంటే గుడి తలుపులు బార్లా తీసి పెట్టుకున్నారేంది?"

ఖాట్మండులో, పశుపతినాథుని గుడి ముందు నిలబడి, అచ్చ తెలుగులో మా అమ్మ వేసిన కేక అది. ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి బతికిపోయాం. పసుపు గుడ్డ చుట్టి, బంతిపూల దండలు వేసిన శవాన్ని వెదురు పాడె మీద మోసుకుంటూ మా పక్కనుంచే నదిలోకి మెట్లు దిగిపోయారు. లోపల గంట మోగుతూనే ఉంది.  మా ఊళ్ళో గుడి వీధిలో ఎవరైనా పోతే పీనుగ లేచేదాకా దేవుడికి దీపం కూడా పెట్టరు. ఇక్కడేమో దేవుడి గుమ్మం కిందనే కాష్ఠాలు కాలుతున్నాయి!

పశుపతినాథుణ్ణి చూడాలన్నది మా నాయన కోరిక. అమ్మా, నేనూ, ఆయనా గిద్దలూరులో రైలెక్కి పోదామనుకుంటూనే ఉన్నాం. అంతలో ఆయనే పోయారు. ఏడాది తిరగకుండానే బేస్తవారిపేట నుంచి చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, వచ్చి, పోదామని పట్టుబట్టింది.

"మైలలో గుడికెట్ల పోతానే? కొండెక్కగూడదు గదా" అంది అమ్మ.

"నిన్ను గుళ్ళోకి రమ్మన్నదెవరక్కా? బయట కూచో. నాలుగు ఊళ్ళు చూసినట్టుంటది."

కొండెక్కకూడదన్న మనిషిని హిమాలయాలకు తీసుకుపోతున్నామని మా ముగ్గురిలో ఒక్కరికైనా తట్టిందా! దిగాక చుట్టూ చూసి అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఊరు ఊరంతా కొండల్లోనే ఉంది గదే! నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని చెల్లెల్ని తిట్టింది. ఆ మాత్రం తిట్టినందుకే చిన్నమ్మ సంబరపడిపోయింది. నాయన పోయినప్పటి నుంచి అమ్మ నోరు విప్పి మాట్లాడిందే తక్కువ.

అసలు మా అమ్మ గొంతెత్తి శోకం తీసిందంటే ఊరంతా ఏడవాల్సిందే. ఎవరింట చావైనా ఆమె వచ్చిందాకా అది చావిల్లులా ఉండేది కాదు. పోయినవాళ్ళ మంచీ చెడ్డా, వాళ్ళ గొడ్ల పేర్లతో సహా, రాగం కట్టి ఏడ్చేది. అట్లాంటి మనిషిని సొంత మొగుడు పోయిన రోజున నోరెత్తనీయలేదు. ఆ రోజు ఊళ్ళో తేరు. "తేరు నిలయానికి చేరిందాకా గొంతు బయటికి రానీయబాకమ్మా, ఊరికి అరిష్టం" అని పెద్దలొచ్చి చేతులు జోడించారు. నాయనను తేరు వీధిలోంచి కాకుండా వెనక సందులోంచి, గడ్డివాముల పక్కనుంచి తీసుకుపోయారు. అవతల మేళాలు. ఇవతల అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవర్ని తిట్టాలి? ఆచారమాయె!

పెద్ద దినం నాడు కూడా ఆమె కంట నీటి చుక్క రాలేదు. చుట్టాలు గుండె రాయి అన్నారు. చిన్నమ్మ మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఇది ఏడవకపోతే మనకు దక్కదే" అంది. అందుకే ఈ ప్రయాణం.

ఆ ఊళ్ళో మొదటి దెబ్బ తిండి దగ్గరే తగిలింది. చిన్న చిన్న కజ్జికాయల్లాగా ఒత్తి, ఆవిరి మీద ఉడికించిన మోమోలు పెట్టారు. చిన్నమ్మ రెండు మింగాక గానీ లోపల ఏముందని అడగలేదు. చిన్నాయన మార్కాపురంలో పలకల దుకాణం నడిపిన రోజుల్లో నేర్చుకున్న ఉర్దూ ఆమెది. వడ్డించే ఆవిడ నవ్వుతూ "భైంస్" అంది. చిన్నమ్మ ముఖం చూడాలి అప్పుడు!

"బర్రె అంటనే! ఓరి దేవుడో, ఇంటికాడ బర్రెల్ని బిడ్డల్లెక్క సాకుతా ఉండా గదే!"

రోడ్డు మీదికి పరుగెత్తి సీసాడు నీళ్ళూ పుక్కిలించి ఉమ్మింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అమ్మ నవ్వలేదు.

ఖాట్మండు పక్కనే ఉన్న భక్తపూర్‌లో మట్టి మూకుళ్ళలో తోడుపెట్టిన పెరుగు అమ్ముతారు. బోర్లించినా జారలేదు. అమ్మ వేలితో ఇంత తీసి నాలుక మీద వేసుకుంది. "చిక్కని బర్రె పాలు. మీ నాయనకైతే ఈ పెరుగుంటే చాలు, కూర కూడా అడగడు" అంది. ఎన్నాళ్ళకో ఆ నోట నాయన మాట వచ్చింది. చిన్నమ్మ నా చేయి గట్టిగా గిల్లింది.

మర్నాడే ఈ గుడి. చిన్నమ్మా నేనూ దర్శనం సంగతి మరిచిపోయి అమ్మను నది అవతలి గట్టు మెట్ల మీద కూర్చోబెట్టాం. చుట్టూ జనం పల్లీలు తింటూ, టీ తాగుతూ చితులను చూస్తున్నారు.  ఎదురుగా, గుడి గోడ కింద, ఇందాక మా పక్కనుంచి పోయిన శవాన్ని ఏటవాలు రాతి మీద పడుకోబెట్టి పాదాలు నీళ్ళలో ఉంచారు. ఒకతను దోసిలితో నీళ్ళు తెచ్చి నోట్లో పోస్తున్నాడు.

"చావొస్తే గుడి మూయరా అని అడగవే" అంది అమ్మ.

చిన్నమ్మ పక్కన పూలమ్మే ఆవిడను అడిగింది. ఆవిడ మమ్మల్ని పిచ్చివాళ్ళను చూసినట్టు చూసి ఏదో చెప్పింది.

"ఎందుకు మూస్తారంటక్కా. ఆయన ముందరికే గదా తెచ్చేది అంటాంది."

 గుడి గంట మళ్ళీ మోగింది. "దేవుడి ఎదురుగానే పెట్టినారే" అంది అమ్మ గొణుగుతున్నట్టు. "ఎవురూ సందులోకి పొమ్మనలేదే."

మరుక్షణం ఆ గొంతు లేచింది.

"ఓ నా సామీ! దొంగను తీసుకపోయినట్టు సందులోంచి తీసుకపోయినారు గదయ్యా! మేళాలు నీకు గాకపాయె గదయ్యా! నీ చుక్క బర్రె ఈనింది గదయ్యా, గుక్కెడు జున్నుపాలు తాగకపోతివి గదయ్యా!"

 పల్లీలు తినేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. అవతలి గట్టున శవం చుట్టూ ఉన్నవాళ్ళు తలెత్తి చూశారు. పరాయి దేశం, పరాయి శవం! ఎవరొచ్చి ఏమంటారో అని అమ్మ భుజం పట్టుకున్నాను. "అమా, ఊరుకో, అందరూ చూస్తాండారు."

చిన్నమ్మ నా చేయి లాగి పారేసింది. ఆమె ముఖమంతా నీళ్ళే.

"ఏడవనీయే దాన్ని. తేరు ఎప్పుడో పోయింది."