మూడేళ్ళ పెదనాన్న రాయి

వానలు ముదిరాక గోల్‌బజారులో కిరాణా కొట్ల ముందు గళ్ళుప్పు బస్తాలు చెమర్చి, అడుగున గోనె నల్లబడి, వాటి దగ్గర ఒక తడి వాసన పుడుతుంది. సముద్రమంటే ఎవరో చెప్పగా వినడమే తప్ప చూసినవాళ్ళు లేని ఈ రాయ్‌పూర్‌లో అదెవరికీ పట్టదు గానీ, నాకు మాత్రం అక్కడ కాళ్ళు ఆగిపోతాయి. నిన్న కొట్టతను "క్యా దూఁ, దీదీ?" అని రెండుసార్లు అడిగాడు. ఏం కావాలో నాకు మాత్రం తెలిస్తే గదా. ఖాళీ సంచీతో ఇంటికి వచ్చేశాను.

మా నాన్న ఇక్కడి స్టేషన్లో బండ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసేవాడు. రైల్వే క్వార్టర్లలో మా వరసంతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళమే. తీజ్ పండక్కి వెనక వీధి ఛత్తీస్‌గఢీ వాళ్ళు శనగపిండి ఠేఠరీలూ, బెల్లం ఖుర్మీలూ పళ్ళేల్లో పెట్టి పంపితే, ఆ పళ్ళేలు ఖాళీగా తిరిగి పంపకూడదని మా ఇళ్ళలో పొంగడాలు పొంగేవి, నూనె పొగకి కళ్ళు మండుతున్నా మేం పొయ్యి చుట్టూనే తిరిగేవాళ్ళం. మధ్యాహ్నాలు చింతపిక్కలు, తొక్కుడుబిళ్ళ. సాయంత్రం అయ్యేసరికి పట్టాల పక్కన సున్నం కొట్టిన హద్దురాళ్ళు మా సింహాసనాలు. నెత్తిన ఇంటూ గుర్తు చెక్కిన ఆ రాళ్ళలో అన్నిటికన్నా ఎత్తయినదాని మీద నేను కూర్చుని కథలు చెప్పేదాన్ని. సముద్రమంటే దేశంలోని ఇంజన్లన్నీ వెళ్ళి నీళ్ళు తాగే చెరువనీ, ఎండాకాలం అన్నీ ఒకేసారి దిగితే ఒడ్డు అరకోసు వెనక్కి పోతుందనీ, దాన్నే ఆటుపోటంటారనీ చెప్పాను. సగం మంది నమ్మారు, తక్కిన సగం నన్ను "గప్పీ", అంటే కోతలకోరు, అని వెక్కిరించి, మర్నాడు అందరికన్నా ముందొచ్చి కూర్చున్నారు.

నా కథలన్నిటికీ మొదటి శ్రోత మా మామ్మ, నాన్నని కన్న తల్లి. రెండు కళ్ళకీ శుక్లాలు. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, నా అబద్ధాలు వింటూ, బుగ్గలోంచి బుసబుసమని నవ్వేది. ఆమెకో అలవాటుండేది. మంచినీళ్ళ చెంబెత్తితే ముందు ఒక గుక్కెడు తూర్పుకి తిరిగి నేల మీద పారబోసి, ఆ తర్వాతే తాగేది. ఆ గుక్క మా పెదనాన్నది. పెదనాన్న అంటే నాన్నకి అన్న, అప్పన్న. మూడో ఏట జ్వరంతో పోయాడు. అప్పుడు మామ్మా వాళ్ళు మా సొంతూళ్ళో ఉండేవాళ్ళు. అక్కడ సముద్రం ఒడ్డున ఏ కాలం వాళ్ళు నాటారో తెలియని నిలువెత్తు రాళ్ళు బారులుగా ఉంటాయి. చిన్నపిల్లలు పోతే వాటి పాదాల దగ్గర మోకాలెత్తు రాయి ఒకటి పాతడం, ఏటా పక్కనున్న నూతి నీళ్ళు తెచ్చి ఆ రాయి మీద పోయడం మా వాళ్ళ ఆచారం. పోయకపోతే బిడ్డకి దాహం తీరదంటారు. కొడుకు రాయి నెత్తిన తాతయ్య గుర్తుగా ఇంటూ గాటు పెట్టాడు. ఆ ఏడే పొట్ట చేత పట్టుకుని రాయ్‌పూర్ వచ్చేశారు. ఖరగ్‌పూర్ మీదుగా చుట్టుతిరిగి ఆ ఒడ్డుకి వెళ్ళే ఓపికా, సెలవూ ఎవరికీ దొరకలేదు. పాతికేళ్ళకి పైగా ఆ బిడ్డకి అందినవి మామ్మ తూర్పుకి పారబోసిన గుక్కలే.

విజయనగరం లైను కొత్తగా పడ్డాక నాన్న పాస్ రాయించాడు. అటుకులు, బెల్లం, చుట్టల కట్ట మూట కట్టుకుని బయల్దేరాం. బండి మందిర్ హసౌద్ దాటక ముందే మామ్మ "వొచ్చీసినామేటే?" అని అడగడం మొదలెట్టింది. విజయనగరంలో బండి మారి, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, ఎడ్లబండి మీద మొగలిపొదల మధ్య నుంచి పోతుంటే, ఎండిన చేపల వాసన, ఉప్పు గాలి, ఇసకలో చక్రాలు దిగబడే మెత్తటి చప్పుడు. బండి ఆగేసరికి మామ్మ దిగడానికి నా భుజం వెతుక్కుంటోంది.

నుయ్యి అలలకి నలభై అడుగుల దూరం కూడా లేదు, నీళ్ళు మాత్రం కొబ్బరి నీళ్ళలా తియ్యగా ఉన్నాయి. ఇందులో అబద్ధం లేదు. అక్కడి నియమం ఇది: పెద్దమనిషి కాని ఇంటి ఆడపిల్ల కొత్త కుండ నింపి నెత్తికెత్తుకుంటే, రాయి మీద పోసేదాకా కుండ దించకూడదు, మాట్లాడకూడదు. రాయి పాతే రోజున తప్ప మగవాళ్ళు ఆ పక్కకి రాకూడదు. నాన్న బండి దగ్గర ఉండిపోయాడు. "ఒరిగిన పెద్దరాయికి సముద్రం వేపు నాలుగోది, గాటుంటాది," అని చెప్పి, మామ్మ నా భుజం పట్టుకుని వెనకే వచ్చింది.

ఒరిగిన పెద్దరాళ్ళు ఒకటి కాదు, అయిదున్నాయి. చిన్నరాళ్ళలో సగం ఇసక మింగేసింది, పైకి కనిపించేవన్నీ ఉప్పుగాలికి అరిగి బోడిగా ఉన్నాయి. అడగడానికి నోరు లేదు, దించడానికి వీల్లేదు. మెడ నరాలు లాగుతున్నాయి, నీళ్ళు చెవి వెనక నుంచి కారుతున్నాయి, మామ్మ వేళ్ళు భుజంలోకి దిగుతున్నాయి. అలా రెండు చుట్లు తిరిగాక, బారుకి ఒక పక్కన మోకాలెత్తు రాయి, నెత్తిన శుభ్రమైన ఇంటూ గాటుతో కనిపించింది. అంచులు పదునుగా ఉన్నాయి. పాదం దగ్గర ఇంకా సున్నం ఉంది. హద్దురాయి మీద కూర్చుని పెరిగినదాన్ని, చూడగానే తెలిసింది. తెలిసే పోసేశాను.

మామ్మ కూలబడి రాయంతా తడిమింది, వేళ్ళు గాటు మీద ఆగాయి.

"ఇంత నున్నగున్నాదేటే గుంటా?"

"గాలికి అరిగిపోనాది మామ్మా. గాటు మట్టుకు పెదనాన్న పోనీలేదు. నీళ్ళు పోత్తే గుటకలేసినాడు, నాను విన్నాను."

ఆ రాయిని కావలించుకుని ఆమె ఏడ్చిన ఏడుపు నేను వర్ణించను. కుండ నూతి గట్టున పెట్టి రావడానికి వెళితే, ఉప్పుమళ్ళలో పనిచేసే ఒకావిడ నెమ్మదిగా, "అది మా ఉప్పు కొఠారోల హద్దు గదే పాపా, మొన్న పాతినారు," అంది. "తెలుసు," అన్నాను.

మామ్మ తేలికైపోయింది. తిరుగు బండిలో అటుకులు అడిగి పెట్టించుకుంది. రాయ్‌పూర్ వచ్చాక మొదటిసారి చెంబెత్తినప్పుడు, నేను చూస్తుండగానే, గటగటా మొత్తం తాగేసింది. ఆ గుక్క ఇంక పారబోయలేదు. వాడి నీళ్ళు వాడికి అందుతున్నాయి కదా.

ఆ తర్వాత మూడేళ్ళు వరసగా వెళ్ళాం, ఆ రాయి పసుపూ నూనే తాగి నల్లబడి పాతరాయి అయిపోయింది. నేను ఎదిగాక, అసలు రాయి వెతికి రహస్యంగా నీళ్ళు పోసి రావాలని ఒకసారి వంకపెట్టి వెళ్ళాను. ఆలస్యమైంది. ఉప్పుమళ్ళు ముందుకి జరిగాయి. పెద్దరాళ్ళు పగలగొట్టి, చిన్నరాళ్ళు పెకలించి గట్లకి వేశారు. గట్టు వెంట సగం దాకా వంగి చూస్తూ నడిచాను. ఏ ముక్క ఏ తల్లి బిడ్డదో. కొఠారువాళ్ళు తమదన్న రాయిని మాత్రం కదపలేదు, ఆ ఒడ్డున అదొక్కటే నిలబడి ఉంది.

నేను చూసొచ్చి చెప్పిన ఈ సంగతి మా ఇంట్లో పెద్ద మహిమైపోయింది. అన్ని రాళ్ళూ పోయినా అప్పన్న కదల్లేదని మామ్మ వాడంతా చెప్పుకుంది. పోయే ముందు తన రాయి కొడుకు పక్కనే పాతమంది. నాన్న వెళ్ళి పాతాడు. ఇప్పుడక్కడ మా మామ్మ ఒక హద్దురాయికి కాపలా కాస్తోంది.

మొన్న నాన్నకి అంతా చెప్పేశాను. ముసలాయన చుట్ట తీసి నవ్వాడు.

"ఇంజన్లు సముద్రంలో నీలు తాగుతాయన్నావు, నమ్మినాను. ఇది నమ్మను. అబద్దం రాయైతే మిగిల్నాదేటే?"

"ఆల్లది కాబట్టే మిగిల్నాది, నాన్నా."

"నీ గప్పులు తమ్ముడి పిల్లలకి సెప్పుకో."

నుయ్యి ఉప్పుతేలి, మూత వేసి కూడా చాలా కాలమైంది. ఇప్పుడు క్వార్టర్ల కుళాయి నీళ్ళే సీసాలో పోసుకుని, మా తమ్ముడి కూతురి చేత పోయించి వస్తున్నారు. అప్పన్న అక్కడ లేడన్న సంగతి తెలిసినది నేనొక్కదాన్నే, నా తర్వాత అదీ ఉండదు. వచ్చే నెల ప్రయాణం, నన్నూ రమ్మని నాన్న రెండుసార్లు అడిగాడు. మోకాళ్ళ నొప్పులన్నాను. దానికి మాత్రం ఆయన వెంటనే నమ్మి, లేచి వెళ్ళి ఆముదం వెచ్చబెట్టి తెచ్చాడు.