అవ్వ నల్లా గంట

మొన్న బీరువా సర్దుతుంటే సబ్బుపెట్టెలో బిగించిన చిన్న సర్క్యూటు దొరికింది. ఊరికే దాని రెండు తీగలను తడివేళ్లతో పట్టుకున్నాను. కుయ్‌మని మోగింది. అంతే, మర్రిగూడలో మా అవ్వ వాకిలి కళ్ల ముందుకొచ్చింది.

అవ్వ మోకాళ్లు ఫ్లోరైడు నిండిన బోరునీళ్లకే వంగిపోయాయి. మంచినీళ్ల నల్లా వాకిట్లోకి వచ్చాక కూడా, నీళ్లు ఏ వేళకు వస్తాయో తెలియక, మాటిమాటికీ లేచి చూడలేక మళ్లీ ఆ బోరునీళ్లే తాగేది. నల్గొండలో పిల్లలకు ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే మనవరాలు ఉండి ఏం లాభం? నల్లా కింద నీళ్లు పడగానే మోగే గంట చేసిపెట్టాను. అందులోని చిప్పు నిద్రపోతూ, సెకనుకోసారి లేచి నీళ్లొచ్చాయా అని చూస్తుంది. అది బ్యాటరీ నుంచి తినే కరెంటును కాగితం మీద లెక్కగట్టి, "సెల్లు ఏడాది వస్తది అవ్వా" అని గొప్పలు పోయాను. ఫోన్‌లో అడిగినప్పుడల్లా "మోగుతాంది బిడ్డా" అనేది. నెల తర్వాత వెళ్లి చూస్తే సెల్లు అయిపోయి ఉంది, కుండలో బోరునీళ్లున్నాయి. "అది వారానికే పండుకున్నది. గంత ఇష్టంగ చేస్తివి, నీ మనసు నొప్పియ్యబుద్ధి కాలే" అంది. నాకు ఏడుపొచ్చింది.

పెట్టె పట్టుకుని నల్గొండలో వాచీలు బాగుచేసే చాచా దగ్గరికి వెళ్లాను. నేను చదువుకునే రోజుల నుంచి నా టంకం పనిని తిట్టిపోసే మనిషి ఆయన. నా కాగితం పక్కకు నెట్టి, సెల్లుకూ సర్క్యూటుకూ నడుమ మీటరు పెట్టాడు. చిప్పు నిద్రపోయినా ముల్లు దిగలేదు. చిప్పు పక్కన తళతళలాడుతూ దానికి లయ అందించే ఆసిలేటర్ డబ్బీని వేలితో కొట్టి, "చిప్పు పండుకున్నది బేటీ, సరే. దానికి తాళం కొట్టే గీయన పండుకున్నడా? గీయన తిండి ఎవరు లెక్కగట్టాలె?" అన్నాడు. పెండ్లివారికి వండి బ్యాండువాళ్లను మరిచినట్టుంది నా లెక్క. బయటి నుంచి చిప్పును నడిపించే ఆ డబ్బీ ఒక్క క్షణమైనా ఆగదన్న సంగతే నాకు తట్టలేదు. చాచా ఒక పాత చేతివాచీ విప్పి, బియ్యపుగింజంత క్రిస్టల్ తీసి నా అరచేతిలో పెట్టాడు. "గిది మెల్లగ కొడ్తది, జరంతనే తింటది. మీ అవ్వకు తొందరేమున్నది?"

డబ్బీ తీసేసి దాన్ని అతికించి, ఈసారి మీటరు చూసి లెక్కగట్టాను. రెండు ఎండాకాలాలు అవ్వ మంచినీళ్లే తాగింది. గంట మోగినప్పుడల్లా "వస్తున్న, వస్తున్న, ఆగు" అని దానికి జవాబు చెప్పేదట.

ఇప్పుడు నా చేతిలో అది మోగుతూనే ఉంది, "వస్తున్న" అనే మనిషే లేదు. సెల్లు ఎంతకాలం వస్తుందో అంత జాగ్రత్తగా లెక్కగట్టిన నేను, అవ్వకు మిగిలిన కాలాన్ని మాత్రం ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు.