డయల్లో తొమ్మిది నుంచి పన్నెండు దాకా

1984లో నేను నరసరావుపేటలో ఒక కంటి డాక్టరుగారి దగ్గర అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పది మంచాల చిన్న ఆస్పత్రి. చూపు పరీక్షించడం, చుక్కల మందు వేయడం, కంటి ఒత్తిడి కొలవడం నా పనులు. ఇంటికి వెళ్ళాక ఆనాడు చూసినవాళ్ళలో ఒకరిద్దరి గురించి డైరీలో నాలుగు ముక్కలు రాసుకునేవాణ్ణి. ఆ ఏటి డైరీలో వాచీ మెకానిక్ మస్తాన్ పేరు నాలుగుచోట్ల ఉంది.

మస్తాన్‌కు అప్పటికి ముప్పై రెండేళ్ళు. బస్టాండు పక్కన అద్దాల పెట్టె ముందు కూర్చుని, కుడికంటికి భూతద్దం బిగించుకుని చేతిగడియారాలు బాగుచేసేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆ కుడికన్నే ఎర్రబడి ఉంది. కళ్ళకలక అనుకుని వారం రోజులు నందివర్ధనం పూలు పెట్టి కట్టుకున్నాడట.

డాక్టరుగారు టార్చి వేసి చూశారు. కళ్ళకలకైతే పుసి కడుతుంది. ఇతనికి పుసి లేదు. ఎరుపంతా నల్లగుడ్డు చుట్టూనే ఉంది. వెలుతురు చూడలేకపోతున్నాడు. కంటిపాప సన్నబడింది. ఇది ఐరైటిస్ అన్నారు. అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరకు వాపు రావడం. ఎందుకొచ్చిందో చాలామందిలో తేలదు. పొద్దున లేవగానే నడుము పట్టేస్తుందని మస్తాన్ చెబితే, డాక్టరుగారు రెండూ ఒకే జబ్బు కావచ్చన్నారు. మస్తాన్ నవ్వాడు.

"పొద్దస్తమానం వంగి కూర్చునేవాడికి నడుం పట్టక ఏం పట్టిద్ది సార్?" అన్నాడు.

రెండు సీసాలు రాశారు. ఒకటి వాపు తగ్గడానికి. రెండోది అట్రోపిన్, కంటిపాపను వెడల్పు చేసే మందు. వాపు ఉన్నప్పుడు ఆ రంగు పొర వెనక ఉన్న కంటి కటకానికి అంటుకుపోతుంది. పాప వెడల్పుగా ఉంటే అంటుకోదు. అయితే అట్రోపిన్ వేసినన్నాళ్ళూ దగ్గరి వస్తువులు మసకగా ఉంటాయి. ఈ సంగతి అతనికి చెప్పింది నేనే. తల ఊపి వెళ్ళాడు.

ఒత్తిడి మాత్రం కొలవలేదు. మేము ఒత్తిడి కొలవడానికి వాడే టోనోమీటర్‌ను, రోగిని పడుకోబెట్టి, తిమ్మిరి మందు వేసి, నేరుగా నల్లగుడ్డు మీద నిలబెట్టాలి. ఒకరి కలక ఇంకొకరికి అంటకుండా ఎర్రకన్ను మీద దాన్ని పెట్టకూడదని మా ఆస్పత్రిలో నియమం. నేను నియమం తప్పే మనిషిని కాను.

మూడు నెలలకు మళ్ళీ ఎర్రకన్నుతో వచ్చాడు. వానాకాలంలో ఇంకోసారి. రెండుసార్లూ అవే సీసాలు రాశారు. రెండుసార్లూ ఒత్తిడి కొలవలేదు. కన్ను బాగైతే అతను వచ్చేవాడు కాదు, వచ్చిన రోజున కన్ను ఎర్రగా ఉండేది. ఈ లెక్కలో ఒక మనిషి ఏడాదంతా కొలతకు దొరక్కుండా తప్పించుకుపోతాడని నాకు తట్టలేదు.

నాలుగోసారి దీపావళి ముందు వచ్చాడు. వెంట భార్య ఖాసింబీ ఉంది. ఎరుపు కొద్దిగానే ఉంది. కానీ ముందురోజు వాచీ విప్పబోతే డయల్లో ఒక పక్క కనపడలేదట.

"తొమ్మిది నుంచి పన్నెండు దాకా లేదు సార్. అద్దం తుడిచా, భూతద్దం తుడిచా. ఎడంకంటితో చూస్తే ఉంది."

డాక్టరుగారు అట్రోపిన్ వేస్తున్నావా అని అడిగారు. అతను నేల చూశాడు. ఖాసింబీ అందుకుంది.

"ఆ సీసా మూతన్నా తియ్యలేదయ్యా. దగ్గరివి ఆనవని గూట్లో పెట్టాడు. ఏందయ్యా అంటే, నువ్వేమన్నా డాక్టరువా అంటాడు."

"పెళ్ళిళ్ళ రోజులు గదా సార్. వాచీలు చానా పేరుకుపోయినయ్," అన్నాడు మస్తాన్. ఎరుపు తగ్గించే మందొకటే వేసుకుని ప్రతిసారీ పనిలో కూర్చున్నాడు.

ఆరోజు డాక్టరుగారు నియమం పక్కనబెట్టి కొలవమన్నారు. ఆ పరికరంలో ఒత్తిడి మామూలుగా ఉంటే ముల్లు జరుగుతుంది, బాగా ఎక్కువైతే జరగదు. మస్తాన్ కుడికంటి మీద పెడితే ముల్లు సున్నా దగ్గరే నిలబడింది. పరికరం మీది బరువు మార్చి మళ్ళీ పెట్టాను. అప్పుడూ అంతే.

"ముల్లు తిరుగుతుందా సార్?" అని పడుకునే అడిగాడు.

కంట్లో ఒక నీరు ఎప్పుడూ ఊరుతూ, కంటిపాపలోంచి ముందుకు వచ్చి, అంచున ఉన్న జల్లెడలాంటి దారిగుండా బయటికి పోతుంది. మస్తాన్ కంటిపాప అంచు చుట్టూ కటకానికి అంటుకుపోయింది. నీరు ముందుకు రాలేక రంగు పొరను ఉబ్బించి జల్లెడను మూసేసింది. వాపు వచ్చినప్పుడల్లా చేరిన కణాలు అంతకుముందే దానికి కొంత అడ్డుపడి ఉంటాయి. సాగర్ కాలువ తూముకు చెత్త పడితే వెనక గట్టు మీద ఎంత బరువు పడుతుందో మా రైతులకు తెలుసు. కంట్లో ఆ బరువు నరం మీద పడుతుంది. దీన్నే గ్లకోమా అంటారు. పల్లెల్లో నీటికాసులంటారు. చచ్చిన నరం తిరిగి బతకదు.

మర్నాడే గుంటూరు పంపితే అక్కడ ఆపరేషన్ చేశారు. ఒత్తిడి దిగింది. పోయిన చూపు పోయినట్టే ఉంది. మిగిలిన చూపు సన్నటి మరలకు చాలలేదు. ఎడమ కంటికి భూతద్దం బిగించుకుని రెండు నెలలు ప్రయత్నించాడు. చెయ్యి మాట వినలేదు. చేతిగడియారాలు తీసుకోవడం మానేసి, బెల్టులు మార్చడం, గోడగడియారాలు చూడడం దగ్గర ఆగిపోయాడు.

ఒకరోజు చుక్కల మందు వేయించుకుంటూ అడిగాడు.

"మొదట్లోనే ఆ ముల్లు పెట్టి చూస్తే తెలిసేదా సార్?"

"మొదటిసారి తెలిసేది కాదేమో. మూడోసారికి తెలిసి ఉండేది."

"మరి పెట్టలేదేం?"

కన్ను ఎర్రగా ఉంటే పెట్టకూడదని చెప్పాను.

"తగ్గాక ఒకసారి రమ్మంటే వచ్చేవాణ్ణి గదా," అన్నాడు. గొంతులో కోపం లేదు.

ఆ రాత్రి 1984 డైరీ తీసి ఆ మూడు రోజుల పేజీలు చూశాను. ఏ మందు రాశారో, ఎన్ని చుక్కలో, ఎన్నిసార్లు వేయాలో అన్నీ ఉన్నాయి. తగ్గాక రమ్మన్నట్టు ఎక్కడా లేదు. చెప్పి ఉంటే రాసి ఉండేవాణ్ణి.

ఎరుపు తగ్గడమంటే లోపలి వాపు చల్లారిందని మాత్రమే. అది కంట్లో ఏం మిగిల్చి వెళ్ళిందో ఆ తర్వాతే చూడాలి. అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఐరైటిస్ వచ్చిన ప్రతి మనిషికీ, కన్ను బాగయ్యాక మళ్ళీ రావాలని చీటీ మీద రాసి, చదవలేనివాళ్ళకు రెండుసార్లు చెప్పి పంపాను. చాలామంది రాలేదు. నొప్పిలేని కంటిని చూపించుకోవడానికి వినుకొండ నుంచో రొంపిచర్ల నుంచో ఒకరోజు కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? వచ్చిన కొద్దిమందిలో ఇద్దరికి ముల్లు తక్కువగా కదిలింది. వేళకు మందు పడి వాళ్ళ కళ్ళు నిలిచాయి. ఆ ఇద్దరి పేర్లూ మస్తాన్‌కు చెప్పాలనుకున్నాను గాని, ఏమని చెప్పాలో తెలియక ఎప్పుడూ చెప్పలేదు.