పదిహేడో నంబరు బిళ్ళ

నా చిన్నప్పుడు ఉక్కు కార్ఖానా పక్కనున్న మా బర్మామైన్స్ పేట పిల్లలకి దల్మా కొండ ఏడాదికి ఒక్కరోజే అందేది. మిగతా రోజులన్నీ అది పొగ అవతల, దూరంగా, నీలంగా ఉండిపోయేది. దసరా సెలవుల్లో మా తెలుగు చర్చి సండే స్కూలు వాళ్ళు ఒక బస్సు మాట్లాడి పిల్లలనీ, తోడుగా నలుగురైదుగురు పెద్దలనీ తీసుకెళ్ళేవారు. పొద్దున్నే బయలుదేరాలి, వెలుతురుండగానే తిరుగు బస్సెక్కాలి. పొద్దుగూకితే ఏనుగులు నీళ్ళకి దిగుతాయి. ఆ ఒక్క మాట ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఆ ప్రయాణం బాధ్యతంతా మా తాతయ్యది. కుర్రతనంలో శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, కార్ఖానాలో యంత్రాలు బాగుచేసే ఫిట్టరుగా ముప్పై ఏళ్ళు పైగా పనిచేసి రిటైరయ్యాడు. ఫిట్టర్లకి ఒక కట్టుబాటు ఉండేదట. యంత్రం లోపలికి దిగి పని చేసే ముందు ప్రతి మనిషీ తన నంబరున్న బిళ్ళను స్విచ్చి పక్కన బోర్డుకి తగిలించి వెళ్ళాలి. పని ముగించి బయటికొచ్చాక తన చేత్తో తనే తీసుకోవాలి. ఒకరి బిళ్ళ ఇంకొకరు తీయకూడదు, స్నేహితుడైనా సరే, ఆఫీసరైనా సరే. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా లోపల మనిషి ఉన్నట్టే. స్విచ్చి వెయ్యరు.

తాతయ్య ఆ పద్ధతినే కొండకి తెచ్చాడు. నూనె డబ్బాల రేకును గుండ్రంగా కత్తిరించి, అంచులు ఆకురాయితో నున్నగా గీసి, మేకుతో నంబర్లు కొట్టాడు. కొండ కింద గేటు పక్కన రెండు చెట్లకి అడ్డంగా ఇనుప తీగ కట్టేవాడు. ఎక్కేముందు ఎవరి బిళ్ళ వాళ్ళం దానికి తగిలించాలి. దిగాక ఎవరిది వాళ్ళం తీసుకుని బస్సెక్కాలి. తీగ ఖాళీ అయితేనే బస్సు కదిలేది.

దీని మీద చర్చిలో హాస్యాలు నడిచేవి. "తాత రిటైరయ్యాడు గానీ డ్యూటీ దిగనేదు" అనేవారు. మా సండే స్కూలు మాస్టారు ఒకసారి మొహం మీదే అడిగారు, కొండకీ కార్ఖానాకీ పోలికేటి తాతా అని. తాతయ్య తీగ బిగిస్తూనే జవాబు చెప్పాడు. "రెండూ మనిషిని చూసి ఆగవు బాబూ. మనమే ఆగాల."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ ఏడు వానలు ఆలస్యంగా వెనక్కి తగ్గాయి. గేటు దగ్గరి ఫారెస్టు గార్డు మమ్మల్ని ఆపి, కాలిబాట ఇంకా ఆరలేదు, చుట్టుదారైనా జీపు రోడ్డు మీదే ఎక్కండి, దాని మీదే దిగండి అని చెప్పాడు. తాతయ్య పిల్లలందరినీ కాలిబాట మొదట్లో నిలబెట్టి, కర్రతో రాలిన సాలుచెట్ల ఆకులు పక్కకి నెట్టి చూపించాడు. కింద రాయి పాచి పట్టి నల్లగా మెరుస్తోంది. ఇంకాస్త పైన ఎర్రమట్టి మీద చిన్న చిన్న గులకలు, రాగులు పోసినట్టు.

"ఆకు మీద అడుగెయ్యకండి. దాని కింద ఏటుందో దానికే తెలీదు. ఎక్కినప్పుడు కాళ్ళు అలిసిపోతాయి, దిగినప్పుడు బుర్ర అలిసిపోద్ది. పడితే దిగినప్పుడే పడతారు."

ఆ ఏడు ఆయన కొండ ఎక్కలేదు. మోకాళ్ళు అరిగిపోయాయి. తీగ పక్కన మడతకుర్చీ వేసుకుని కూర్చుండిపోయాడు. మాస్టారు మమ్మల్ని తీసుకెళ్ళారు. ఇద్దరిద్దరుగా నడవాలి కాబట్టి నన్ను మా పక్కింటి అక్కతో జత కలిపారు. అక్క అప్పుడు పదో తరగతి. నా బిళ్ళ పదహారు, ఆమెది పదిహేడు. బూట్లు వేసుకోమంటే వినకుండా కొత్త పట్టీల చెప్పులు వేసుకొచ్చింది. తాతయ్య వాటిని చూసి, "ఇవి కొండకేటే అమ్మీ, పెళ్ళికి దాచుకో" అన్నాడు. అక్క నవ్వి, నా చెయ్యి పట్టుకుని నడిచింది.

ఎక్కడం ఎలాగో ఎక్కాం. పైన అన్నాలు తిని, పాటలు పాడుకుని, దిగడం మొదలుపెట్టేసరికి నా కాళ్ళు నావి కావనిపించింది. జీపు రోడ్డు మెలికలు తిరిగి తిరిగి ఎక్కడికీ పోనట్టు ఉంది. ముందు వాళ్ళు ఒక మలుపు అవతల, వెనక మాస్టారు వాళ్ళు ఇంకో మలుపు వెనక. కాలిబాట రోడ్డును దాటే చోట అక్క ఆగింది.

"చల్ నా, ఇలా దిగిపోదాం. అరగంట తగ్గుతాది."

"తాతయ్య వద్దన్నాడు."

"తాత కింద కూకున్నాడు. ఆయనకేటి తెలుత్తాది?"

నాకూ త్వరగా కూర్చోవాలనే ఉంది. దిగాం. పాతిక అడుగులు కూడా నడవకముందే అక్క కాలు ఆకుల మీద జారింది. చెప్పు పట్టీ తెగి, పాదం రాళ్ళ మధ్య మెలిపడింది. లేచి నిలబడబోయి మళ్ళీ కూర్చుంది. మొహం తెల్లగా అయిపోయింది. కాసేపటికి, నువ్వెళ్ళిపో, నేను మెల్లిగా వచ్చేత్తాను, అంది. రెండడుగులు వేశాక వెనక నుంచి, "తాతకి చెప్పకు. మా అమ్మకి తెలిత్తే చంపేత్తాది" అంది.

నేను దిగాను. కూర్చుని జారుతూ, చెట్లు పట్టుకుంటూ దిగాను. గేటుకి కొంచెం ఎగువన రోడ్డు తగిలింది. అప్పుడే దిగుతున్న పిల్లల గుంపులో కలిసిపోయాను. తీగ దగ్గర తోపులాటగా ఉంది. నా బిళ్ళ తీసుకున్నాను. పదిహేడు ఒక్కటీ మిగిలితే తాతయ్య అడుగుతాడు, అడిగితే నేను చెప్పేస్తాను. అక్క ఎలాగూ వెనకాలే వస్తోంది కదా. అది కూడా తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. అప్పుడు అది తప్పనిపించలేదు. అక్కకి సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

చివరగా మాస్టారు వచ్చారు. తన వెనక రోడ్డు మీద ఎవరూ లేరన్నారు. అది నిజమే. తాతయ్య తీగ వంక చూశాడు. ఖాళీగా ఉంది. అలవాటుగా, "అందరూ దిగీసారు" అన్నాడు. డ్రైవరు ఇంజను వేశాడు. బస్సులో మాస్టారు కళ్ళు మూసుకుని, మమ్మల్నందర్నీ క్షేమంగా కిందికి చేర్చినందుకు దేవుడికి వందనాలు చెప్పసాగారు. నేను కళ్ళు మూసుకోలేకపోయాను. కిటికీలోంచి కాలిబాట కనిపిస్తోంది. దాని మీదికి ఎవరూ రావడం లేదు. చెట్ల కింద వెలుతురు అప్పటికే బూడిదరంగుకి తిరిగింది.

లేచి, కాళ్ళు తగులుతున్నాయని తిడుతున్న పిల్లల మధ్య నుంచి బస్సు దిగాను. తాతయ్య తీగ ఒక కొస విప్పి చుట్ట చుడుతున్నాడు. నేను వెళ్ళి మిగిలిన తీగకి పదిహేడో నంబరు బిళ్ళ తగిలించాను. వదులు తీగ కావడంతో అది జారి, ఆయన చెప్పుల దగ్గర ఆగింది.

ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. బిళ్ళ ఎవరిదని అడగలేదు. నీ దగ్గరికెలా వచ్చిందని అడగలేదు. డ్రైవరు వైపు చెయ్యెత్తి ఇంజను ఆపించాడు. నిశ్శబ్దమయ్యాక నా వైపు వంగి ఒక్కటే అడిగాడు.

"ఎక్కడ?"

"పగ్‌డండీ మే" అన్నాను. అంటే కాలిబాటలో. నాకు భయమేస్తే హిందీయే వచ్చేది.

గార్డూ, మాస్టారూ టార్చి తీసుకుని బయలుదేరారు. చోటు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నన్నూ తీసుకెళ్ళాలి. తాతయ్య కూడా కర్ర అందుకున్నాడు. గార్డు ఆయన మోకాళ్ళ వైపు చూసి, "చాచా, ఆప్ రహనే దీజియే" అన్నాడు, మీరుండిపోండి అని. "తీగ నేను కట్టేను, నేనే రావాల" అని తాతయ్య తెలుగులోనే జవాబిచ్చాడు. గార్డుకి అర్థమైనట్టే ఉంది, టార్చి ఆయన కాళ్ళ ముందుకి తిప్పాడు. నేను ఏడుస్తుంటే తాతయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏడిత్తే దారి కనపడదే గుంటా. దిగాక ఏడుద్దువు."

ఒక్కొక్క రాయి దగ్గరా ఆయన ఆగేవాడు. కర్రతో ఆకులు నెట్టి, గట్టినేల చూసుకుని, అప్పుడు కాలు పెట్టేవాడు. ఊపిరి బరువుగా వినిపించేది. త్వరగా పద తాతయ్యా అనాలనిపించింది. ఆ వేగంతోనే అక్కడికి చేరగలమని, అంతకు మించి తొందరపడితే ఇంకొకరిని మోసుకురావాల్సి వస్తుందని, నా కాలు రెండుసార్లు జారాక తెలిసింది. గార్డు కర్రతో రాళ్ళ మీద కొడుతూ గట్టిగా మాట్లాడుతున్నాడు. జంతువులకి మన రాక ముందే తెలియాలట.

అక్క నేను వదిలిన చోటే ఉంది. చెట్టు మొదలు వాటేసుకుని కూర్చుంది. మడమ వాచిపోయింది. మమ్మల్ని చూసి ఏడవలేదు. ఎంతోసేపు ఏడ్చేసినట్టుంది.

"బస్సు స్టార్ట్ చేసిన చప్పుడు ఇనపడింది తాతా. వెళ్ళిపోయారనుకున్నాను."

తాతయ్య ఆమె పక్కన కూలబడ్డాడు. ఊపిరి సర్దుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

"స్టార్ట్ చేసింది ఇనపడిందా?"

"ఆ."

"ఆపేసింది ఇనపడిందా?"

"ఆ."

"మరింకేటి. అది నీ కోసమే."

మాస్టారూ గార్డూ చేతులు కలిపి కుర్చీలా పట్టి అక్కని దించారు. కిందికొచ్చేసరికి దాదాపు చీకటి పడింది. బస్సులో పిల్లలు గొడవ చెయ్యడం మానేసి కిటికీలకి అతుక్కుపోయారు. తాతయ్య డబ్బాలో మిగిలిన పులిహోర తీసి నా ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. ఇప్పుడు కొడతాడనుకున్నాను.

"బిళ్ళ తీసినందుకు రెండు ఎయ్యాల. మళ్ళా తెచ్చి పెట్టినందుకు ముద్ద పెట్టాల. ముద్ద ముందు తిను. దెబ్బల సంగతి గుర్తొత్తే చూద్దాం."

ఆయనకి అది ఎప్పుడూ గుర్తు రాలేదు. అక్క వాళ్ళమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలదీసినప్పుడు, కాలిబాట దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి, అది నేను మర్చిపోయాను, తప్పు నాదమ్మా అన్నాడు. నా పేరు రానివ్వలేదు. తర్వాత వారం రోజులు మంచం దిగలేకపోయాడు. నేను రోజూ ఆయన మోకాళ్ళకి నూనె రాసేదాన్ని.

ఇప్పుడు నాకు ఏడేళ్ళ కూతురు. అదే ఊళ్ళో టెల్కో కాలనీలో ఉంటున్నాం. ఈ నెల వాళ్ళ స్కూలు పిల్లలని అదే కొండకి తీసుకెళ్తారట. టీచరుకి రెండుసార్లు ఫోన్ చేసి దారి ఆరిందా, వెనక ఎవరు నడుస్తారు, దిగేటప్పుడు ఎన్నిసార్లు తలలు లెక్కపెడతారు అని అడిగాను. ఆవిడ ఓపిగ్గానే చెప్పింది గానీ, మూడోసారి చేస్తే తీయదేమో. మంచి బూట్లు కొన్నాను. భయం తగ్గలేదు. ఉద్యోగం, ఇల్లు, ఈ భయం, మూడూ మోసి సాయంత్రానికి ఒళ్ళు బరువెక్కిపోతుంది. అలాంటప్పుడే కేకలు వేస్తాను. వేశాక బాధపడతాను.

మొన్న బడి నుంచి వచ్చి పాప గుమ్మంలోనే నిలబడిపోయింది. సంచి దించలేదు, లోపలికి రాలేదు. పొయ్యి మీద పాలున్నాయి. ఏమైంది, ఏం చేశావు, ఎందుకు చేశావు, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. పొయ్యి కట్టేసి వెళ్ళి దాని ముందు నేల మీద కూర్చున్నాను. కాసేపు సంచి పట్టీ మెలిపెట్టి, పాప హిందీలో మొదలుపెట్టింది. ఆటలో తను తోసిన పిల్ల పడిందట, మోచెయ్యి దోక్కుపోయిందట, టీచరుకి ఎవరూ చెప్పలేదట.

"ఆ పాప ఇప్పుడెక్కడుంది?" అన్నాను.

కింది క్వార్టర్సులోనే ఉందంది. చెప్పులు వేసుకుని ఇద్దరం బయలుదేరాం. ఎందుకు తోశావని దారిలో అడగలేదు. అది నా వేలు గట్టిగా పట్టుకుని, నాకంటే అరడుగు ముందే నడిచింది.