మంసాపురం పెళ్లిలో నుజ్జయిన మా నాయన కారు

చిన్నప్పుడు మా ఇంటి ముందు కారు ఉండేదంటే ఇప్పటి పిల్లలు మమ్మల్ని జమీందార్లనుకుంటారు... అంత లేదు. మా నాయన తమిళనాడు రాజపాళయంలో బాడుగ కారు నడిపేవాడు. ఉన్న కాస్త పొలం అమ్మి కొన్న కారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, వెనకాల బొగ్గుల పీపా కట్టించాడు... ఆ బొగ్గుల గ్యాసుతోనే కారు నడిచేది. తెల్లవారగానే బొగ్గులు రాజేసి, చేత్తో తిప్పే గాలి చక్రంతో ఊదాలి. తిప్పేది నేనూ మా అక్కా... బడికి మసి మొహాలతో వెళ్లేవాళ్లం. అందరూ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కారుతోనే.

ఒకసారి పెళ్లివాళ్లను ఎక్కించుకుని నాయన మంసాపురం వెళ్లాడు. నేనూ ముందు సీట్లో దూరాను. పందిరికి కాస్త అవతల, వేపచెట్టు నీడలో కారు ఆపి మేం పంక్తిలో కూర్చున్నాం. డోలూ సన్నాయీ చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి... తిని చేయి కడుక్కుని వస్తే కారు ముందు భాగమంతా నుజ్జు. రేడియేటరు పగిలి నీళ్లన్నీ మట్టిలోకి పోతున్నాయి. గుద్దినవాడు లేడు. చూసినవాడూ లేడు.

నాయన ఆ తడి మట్టిలోనే కూలబడ్డాడు. ఆయన్ని అలా చూడటం నాకు అదే మొదలు.

ఆ పెళ్లికి వచ్చిన కార్లే రెండు. ఒకటి మాది. రెండోది మిల్లు మామది... పత్తి నుంచి గింజ తీసే మిల్లు ఆయనది. మాకు దూరపు చుట్టం, ఊళ్లో పెద్దమనిషి. ఆయన కారు ముదురు ఆకుపచ్చ. మా బంపరుకు అంటుకున్న రంగూ అదే. ఇంక చెప్పేదేముంది?

మర్నాడు నాయన మిల్లుకు వెళ్లాడు.

"మామా, మీ డ్రైవరు నా కారుని గుద్దేసి చెప్పకుండా పొయినాడు. రేడియేటరుకి మీరే ఒక దారి చూపించాల."

మామ కోప్పడలేదు. చల్లగా అన్నాడట... "మాడసామి అట్లాటోడు కాదప్పా. నీకు సందేహం ఉంటే సూడం అణచి సత్యం చేస్తాడు. చేస్తే ఒప్పుకుంటావు దానే?"

ఆంధ్రా వైపు వాళ్లకు తెలియకపోవచ్చు... దానే అంటే కదా, సూడం అంటే కర్పూరం. తగవు తేలకపోతే అమ్మవారి గుడి ముందు కర్పూరం వెలిగిస్తారు. నింద పడ్డవాడు దాన్ని అరచేత్తో అణచి సత్యం చేస్తాడు. చేశాడా, తగవు తీరినట్టే. నింద వేసినవాడు అవతలి పక్షం ఇంటికి వెళ్లి మజ్జిగ తాగాలి. తాగాక ఆ మాట మళ్లీ ఎత్తకూడదు... చచ్చేదాకా ఎత్తకూడదు.

మాడసామి వచ్చాడు. ఈ అన్న కారుని తాను గుద్దలేదని తమిళంలో గట్టిగా చెప్పి, మండుతున్న సూడాన్ని అణిచేశాడు. నాయన సిగ్గుతో చచ్చిపోయాడు. పాపం, ఏ తప్పూ లేనివాడి మీద నింద వేశానే అని అతని చేతులు పట్టుకున్నాడు. మామ ఇంటికి వెళ్లి, అత్త ఇచ్చిన మజ్జిగ గటగటా తాగి వచ్చాడు.

కారు మళ్లీ కదల్లేదు. మదురైలో ఏ షెడ్డులో అడిగినా, సామాను ఓడలో సీమ నుంచి రావాలి, యుద్ధం అయ్యాక చూద్దాం అన్నారు. కొన్నాళ్లు కోళ్లు దాంట్లో గుడ్లు పెట్టాయి. ఆ తర్వాత పాత ఇనుము కింద పోయింది. ఈలోగా మాడసామి పని మానేసి వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు. మిల్లు మామ మా మీద జాలిపడి... ఆహా, ఏం జాలి... నాయనను తన డ్రైవరుగా పెట్టుకున్నాడు. సొంత కారు నడిపినవాడు ఇంకొకరి కారు తలుపు తెరిచి నిలబడ్డాడు.

ఒకరోజు వాళ్లు శ్రీవిల్లిపుత్తూరు వెళుతుంటే నన్నూ ముందు కూర్చోబెట్టుకున్నారు. వెనక సీట్లో మామ, ఆయన పెద్దకొడుకు. ఆ అబ్బాయి ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"అన్నా, నేను మొదటి తూరి స్టీరింగు పట్టింది యాడో తెలుసా? మంసాపురం పెండ్లిలో. నేరుగా పొయి నీ కారుకే గుద్దినాను."

ఆ రోజుల్లో ముదలాళి... అదే, యజమాని... ఇంటి పిల్లలు స్టీరింగు ముట్టుకోవడం ఎవరూ చూడలేదు. అది జీతగాడి పని. కారు గుద్దిందంటే డ్రైవరే గుద్దాడు... ఇంకో ఆలోచనే మా నాయనకు రాలేదు. మామకు మాత్రం అన్నీ తెలుసు. మాడసామి అబద్ధం చెప్పలేదనీ తెలుసు.

నాయన అద్దంలో మామ వైపు చూశాడు.

"నువ్వు డ్రైవరుని దానే అడిగినావు?" అన్నాడు మామ. "నా కొడుకుని అడగలేదే."

నాయన గేరు మార్చి కారు పోనిచ్చాడు. ఇంటికి వచ్చాక అమ్మకు చెప్పాడు. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది.

"మజ్జిగ తాగినావు. ఇంక అడిగేదానికి మనకి నోరు యాడుంది?" అంది.

ఆ తర్వాత కూడా ఆయన వాళ్ల కారే నడిపాడు. వాళ్ల ఇంటి పెళ్లిళ్లకూ పేరంటాలకూ మేం వెళుతూనే ఉన్నాం. నవ్వుతూ పలకరించాం కూడా.

మొన్న మా మనవరాలు బజారులో ఆపిన కారును ఎవడో గీసి పోయాడు. కెమెరాలో చూసి సాయంత్రానికల్లా వాడిని పట్టుకుంది. "చూశావా అవ్వా, మీ కాలంలో అయితే ఎవడో ఏమిటో తెలిసేదే కాదు" అంది. ఇది టైపు చేస్తున్నదీ ఆ పిల్లే... దానికి అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మాకు తెలిసిందే తల్లీ. వాడే నోటితో చెప్పాడు. వాడి ముందు సీట్లో కూర్చుని వాడి కారులోనే ఇంటికి వచ్చాం.

మీ ఇళ్లలోనూ ఇలా తెలిసి మింగిన మాటలు ఉంటే ఇక్కడ రాయండి. ఆ మామ లేడు, ఆ కొడుకూ లేడు, మా నాయనా లేడు... ఇంక ఎవరి మర్యాద కాపాడాలి?